కాన్పు కోత మచ్చకు నిమ్మరసం, పసరు, జెల్లు: ఏది ఆపాలి, ఏది ఉంచాలి?

నకిరేకల్ వైపు ఒక పల్లె నుంచి పాతికేళ్ల యువతి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దని కోరింది. ఐదు నెలల కింద నల్లగొండలోని ఒక ఆసుపత్రిలో ఆమెకు తొలి కాన్పు అయింది. లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని హడావిడిగా ఆపరేషన్ చేశారు. బొడ్డు కింది నుంచి నిలువు కోత. ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ "మంచిగ మానింది" అని పంపేసింది. రెండో నెల నుంచి మచ్చ పైభాగం, బొడ్డుకు దిగువన రెండు వేళ్ల మేర, లావుపాటి దారంలా పైకి లేచింది. ఎర్రబడి, ఇప్పుడు నల్లబడుతోంది. రాత్రయితే ఓర్వలేని దురద. మిగతా మచ్చంతా చదునుగా, సన్నటి గీతలాగే ఉంది.

ఉన్నది తల్లిగారింట్లో. వాళ్లకు నిమ్మతోట ఉంది. "మొదట్ల అమ్మ పసుపు, వేపనూనె కలిపి పెట్టింది. తర్వాత నిమ్మరసం, తేనె కలిపి రోజూ రాత్రి రుద్దింది. పది దినాలకే మంట లేచి సన్న పొక్కులొచ్చినయి. ఆగితే ఇంకింత నల్లగైంది. కలబంద పెట్టినం, ఆముదం పెట్టినం, ఫోన్‌ల చూసి విటమిన్ ఈ గోలీ పిండి పెట్టిన" అని రాసింది. మూడో నెలలో డాక్టరమ్మ సిలికాన్ జెల్లు రాసిస్తే, పాలు తాగే పిల్ల ఉండగా ఆ మందులెందుకని తల్లి ట్యూబు మూత కూడా తీయనియ్యలేదు. పప్పు, గుడ్డు, వంకాయ తింటే చీము పడుతుందని ఇప్పటికీ వెల్లుల్లి కారం, అన్నం, పాలతోనే నడుస్తోంది. పొట్ట జారకుండా పాత చీరతో నడుము కట్టు కడుతున్నారు. వచ్చే ఆదివారం పక్క ఊరి నుంచి పసరు మందాయన వస్తాడట. ఏదో జీడి నూనె కలిపి పట్టీ వేస్తే పాత తోలు ఊడి కొత్త తోలు వస్తుందని మాటిచ్చాడట.

కల్వకుర్తి వైపు ఉండే అత్తగారు ఫోన్‌లో, మీద మచ్చ పోలేదంటే లోపల మానలేదన్నట్టే, రెండో కాన్పు కష్టమవుతుంది అన్నారట. హైదరాబాద్‌లో పనిచేసే భర్త మొన్న వచ్చినప్పుడు "ఇంక పోలేదా?" అని అడిగాడట. "అమ్మను కాదంటే ఏడుస్తది. కాదనకుంటే నా ఒళ్లు ఏమైతదో అని భయం. అక్కా, ప్రకృతి వైద్యం తప్పా, నేను సరిగ చేస్తలేనా?" ఇదీ ఆమె ప్రశ్న.

చెల్లె,

ముందుగా నీ మచ్చ సంగతి. గాయం మానడం, మచ్చ మెత్తబడటం రెండు వేర్వేరు పనులు. మొదటిది నీ ఒంట్లో మూడు నాలుగు వారాల్లోనే అయిపోయింది. చీము లేదు, కుట్టు విడలేదు, జ్వరం లేదు. రెండోది ఇప్పుడు నడుస్తోంది. తెగినచోట శరీరం ఆదరాబాదరాగా పీచుపోగులు పేర్చి అతుకు వేస్తుంది. తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా, ఆ పోగులనే సర్దుతూ, ఎక్కువైన వాటిని తీసేస్తూ పోతుంది. ఐదో నెలలో మచ్చ ఎర్రగా, గట్టిగా, దురదగా ఉండటం ఆ సర్దుబాటు నడుస్తున్నప్పటి స్థితి. ఇప్పుడు కనిపిస్తున్నదే దాని చివరి రూపం అనుకోకు.

నువ్వు రాసిన దాంట్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట "పైభాగమే లేచింది" అన్నది. ఒకే కత్తి, ఒకే చేయి, ఒకే రోజు కుట్టిన కోత. కింద చదునుగా మానింది, పైన లేచింది. ఎందుకు? లంగా బొందు ఎక్కడ పడుతుందో ఒకసారి అద్దంలో చూసుకో. దాని మీద అమ్మ కట్టే పాత చీర ముడి ఎక్కడ కూర్చుంటుందో చూడు. సరిగ్గా ఆ రెండు వేళ్ల మేర మీదేనని నా అనుమానం. మానుతున్న మచ్చను లాగుడు, రాపిడి రెచ్చగొడతాయి. అటూ ఇటూ లాగుతున్నకొద్దీ శరీరం అక్కడ ఇంకా పోగులు వేస్తుంది. పైగా పొట్ట మీది నిలువు కోత, అడ్డకోత కన్నా లేచే గుణం ఎక్కువున్నది. కాబట్టి పైసా ఖర్చు లేని మొదటి పని ఇదే: బొందు జాగా మార్చు. ముడి పక్కకు, నడుము వైపుకు జరుపు. ఇంట్లో ఉన్నన్నాళ్లు వదులు నైటీ, మెత్తటి నూలు బట్ట వేసుకో. నడుముకు ఊతం కావాలనిపిస్తే ముడి లేని వెడల్పాటి బెల్టు పెట్టుకోవచ్చు, దాని కింద మెత్తటి బట్ట వేసి.

ఇక మందుల సంగతి. ప్రకృతి వైద్యం తప్పా అని అడిగావు. వస్తువు మంచిదే అయినా ఎక్కడ వాడుతున్నాం, ఎప్పుడు వాడుతున్నాం అన్నదాన్ని బట్టే మేలో కీడో అవుతుంది. వాటన్నిటినీ ఒకే గాటన కట్టి మంచివనీ, చెడ్డవనీ అనలేం.

నిమ్మరసం ఆపేయి. పులుపును కొలిచే లెక్కను పీహెచ్ అంటారు. మన చర్మం పైపొర పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, నిమ్మరసానిది 2 చుట్టుపక్కల. ఆ లెక్కలో ఒక్కో అంకె తగ్గితే పులుపు పదింతలు పెరుగుతుంది. అంటే చర్మానికి అలవాటైన దానికన్నా వెయ్యి రెట్ల పులుపును, ఇంకా గట్టిపడని చర్మం మీద రాత్రంతా ఉంచారు. పొక్కులు అందుకే వచ్చాయి. మన రంగు ఒళ్లు మంటకు గురైతే మానాక నల్లమరక వదులుతుంది. నిమ్మ పూశాక మచ్చ ఇంకింత నల్లబడిందన్నావే, అది ఈ మరకే. నెలలు పట్టినా మెల్లగా తగ్గుతుంది. తోటలో నిమ్మకాయలు కోసేటప్పుడు కూడా ఒకటి గుర్తుంచుకో: తొక్కలోని నూనె ఒంటికంటుకుని ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి. కోతకు వెళ్లినవాళ్ల ముంజేతుల మీద నువ్వే చూసి ఉంటావు.

పసుపు గురించి అమ్మ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం, గాయాలకు పసుపు వాడటం తమ కొత్త ఆవిష్కరణ అని పేటెంటు తీసుకుంది. మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ అది మా తాతముత్తాతల నాటి వైద్యమని పాత గ్రంథాలు చూపించి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఇంత చరిత్ర ఉన్న పసుపును నేను చిన్నచూపు చూడను. కానీ ఆపరేషన్ కోత మీద, కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు, డబ్బాలోని పొడి చల్లడం ప్రమాదం. ఆ పొడిలో దుమ్ము ఉంటుంది, క్రిములు ఉంటాయి. రంగు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేట్ కల్తీ చేసే వ్యాపారులూ ఉన్నారు. మానిపోయిన మచ్చ మీద పసుపు పెడితే పెద్ద కీడు లేదు, మచ్చను అణిచేంత మేలూ లేదు. పసుపు పాలు తాగుతావా, సంతోషంగా తాగు. అమ్మకూ తృప్తి.

తేనె పచ్చి గాయానికి మంచిదన్న మాట నిజమే, ఆసుపత్రుల్లో శుద్ధి చేసిన తేనె పట్టీలు వాడతారు. నీది మానిన మచ్చ, ఇక దాని అవసరం లేదు. కలబంద చల్లగా ఉంటుంది, దురద కాస్త తగ్గిస్తుంది. కోసిన వెంటనే కారే పసుపుపచ్చ జిగురు పూర్తిగా కారిపోనిచ్చి, కడిగి, లోపలి తెల్లగుజ్జే వాడాలి. ఆ జిగురే చాలామందికి దురద పుట్టిస్తుంది. వేపనూనె ఘాటు, వద్దు. ఆముదం తేమ నిలుపుతుంది, అంతకు మించి ఆశించకు. విటమిన్ ఈ గోలీల మీద అమెరికాలోని మయామీ వైద్యులు 1999లో ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ మచ్చ ఒక సగానికి అది కలిపిన లేపనం, రెండో సగానికి కలపనిది పూసి చూస్తే, ఎక్కువమందిలో తేడా లేకపోవడమో, ఇంకా వికారంగా మారడమో జరిగింది. మూడోవంతు మందికి దద్దుర్లు వచ్చాయి. ఫోన్‌లో వీడియో చేసేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఆదివారం వచ్చే పసరు విషయంలో మాత్రం నీకు అదో ఇదో అని చెప్పలేను. వద్దు. జీడి అంటే ఇక్కడ నల్లజీడి. వెనకట చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన గింజ. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు పోయేది కాదు. దాని నూనె ఒంటికి తగిలితే కాలి బొబ్బలు లేస్తాయి. ఆయుర్వేదంలో కూడా దాన్ని శుద్ధి చేయకుండా ముట్టరు. "పాత తోలు ఊడుతుంది" అన్నమాట నిజమే, ఎందుకంటే ఆ తోలు కాలిపోతుంది. కింద పచ్చిపుండు మిగులుతుంది. లేచే గుణం ఉన్న ఒంటి మీద రెండో పుండు పడితే, ఇప్పుడు రెండు వేళ్లున్న మచ్చ అరచేతి మందాన తేలే ప్రమాదముంది. పక్కన పాలు తాగే పిల్ల, దాని చేతులు ఎక్కడ తగులుతాయో తెలియదు. ఆయన మీద కోపం పెట్టుకోనక్కర్లేదు, అమ్మతో తగువూ వద్దు. "డాక్టరుకు చూపించినంక చెప్తం" అని ఫోన్ చేయించు, చాలు.

మరి చేయగలిగిందేమిటి? నీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఏమీ పూయకుండా, రాపిడి లేకుండా చూసుకుని వదిలేయడం. కోత గీత దాటకుండా లేచిన మచ్చలు చాలావరకు ఏడాది, ఏడాదిన్నరలో వాటంతటవే కొంత చదునవుతాయి. ఖర్చు లేదు. కానీ అన్నాళ్లు దురద భరించాలి. నీకు నిద్రే లేదంటున్నావు, పిల్లతో ఎలాగూ ఉండదు. అందుకని ఇది నీకు నప్పుతుందని నాకనిపించదు.

రెండోది, మూత తీయని ఆ జెల్లు. మానిన మచ్చకు ఇంట్లో చేసుకోగలిగిన వాటిలో చర్మవైద్యులు ముందుగా చెప్పేది సిలికానే. అది మచ్చ మీద పలుచటి పొరలా నిలిచి తేమ ఆరిపోకుండా ఆపుతుంది. తేమ నిలిచిన చోట పోగుల పెరుగుదల నెమ్మదిస్తుంది, దురదా తగ్గుతుంది. అది ఒంట్లోకి ఇంకదు, పాలలోకి వెళ్లదు. అమ్మకు ఈ మాట ముందు చెప్పు, ఆమె భయం అక్కడే ఉంది. కడిగి, తుడిచి, ఆరాక, పెసరగింజంత తీసుకుని పలుచగా రోజుకు రెండుసార్లు పూసి, ఆరేదాకా బట్ట తగలనివ్వకు. సిలికాన్ పట్టీలు కూడా దొరుకుతాయి. రోజుకు 12 గంటలకు పైగా ఉంచితేనే వాటి ఫలితం. మన నల్లగొండ ఎండలకు పట్టీ కింద చెమటపొక్కులు లేస్తాయి, అందుకని నీకు జెల్లే సుఖం. ఏది వాడినా కనీసం మూడు నెలలు విడవకుండా వాడాలి. పది రోజులు చూసి మానేస్తే డబ్బు దండగ.

దీనికి జోడీగా మర్దన. బొటనవేలితో మచ్చ మీద కొంచెం ఒత్తి పెట్టి, చుట్టూ తిప్పుతూ, అడ్డంగా, నిలువుగా కదపడం. ఐదేసి నిమిషాలు, రోజుకు రెండుసార్లు. జారడానికి నాలుగు చుక్కల కొబ్బరినూనె సరిపోతుంది. మర్దనయ్యాక నూనె కడిగేసి, ఆరాకే జెల్లు పూయాలి. ఇక్కడ పనిచేసేది నూనె కాదు, చేయి. మంట పుట్టేలా రుద్దకూడదు.

మూడోది, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లడం. లేచిన భాగంలోకి ట్రయామ్‌సినొలోన్ అనే స్టిరాయిడ్ సూది వేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, కొన్ని విడతలు. మచ్చను చదును చేయడంలో, దురద తగ్గించడంలో బాగా పనిచేస్తుంది. సూది నొప్పి ఉంటుంది. అక్కడ తోలు పలచబడటం, తెల్లగా వెలసిపోవడం కొందరిలో జరుగుతుంది. పాలిస్తున్న సంగతి ముందే చెప్పాలి. నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, బీబీనగర్ ఎయిమ్స్‌లో గానీ చూపించుకోవచ్చు. రెండూ నీకు బస్సు దూరమే.

రెండూ మూడూ దారుల్లో ఏది ముందన్నది మచ్చ హద్దు తేలుస్తుంది. బాల్‌పెన్నుతో దాని అంచు చుట్టూ ఒంటి మీద చుక్కలు పెట్టి, పక్కన స్కేలు పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకో. నెలకోసారి అదే వెలుతురులో మళ్లీ తియ్యి. కోత గీత దాటి పక్క చర్మం మీదికి పాకుతుంటే అది కీలాయిడ్. అది తనంతట తగ్గదు, జెల్లొక్కటే సరిపోదు, ఆలస్యం చేయకుండా సూదికి వెళ్లాలి. మీ ఇంట్లో ఎవరికైనా చెవులు కుట్టించుకున్న చోట గడ్డలా లేచిన గుర్తుందా? ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పు. గీత లోపలే ఉంటే మూడు నెలలు జెల్లు, మర్దనతో చూడొచ్చు. ఏ దారిలో వెళ్లినా మచ్చ పూర్తిగా మాయం కాదు. సన్నబడుతుంది, మెత్తబడుతుంది, రంగు కలుస్తుంది. అంతకు మించి మాటిచ్చేవాళ్లను నమ్మకు.

కొన్నిటికి మాత్రం ఆగొద్దు: మచ్చ చుట్టూ ఎర్రదనం పాకడం, చీము, జ్వరం వస్తే, దగ్గినప్పుడు మచ్చ దగ్గర ఉబ్బు కనిపిస్తే, అది హెర్నియా (పొట్ట గోడ బలహీనపడి లోపలి పేగు ముందుకు పొడుచుకు రావడం) కావొచ్చు, నెలసరి మళ్లీ మొదలయ్యాక, ఆ రోజుల్లోనే మచ్చ లోపల గడ్డలా నొప్పి చేస్తే. ఈ మూడోది చాలామంది దాచుకుని ఏళ్లు తిప్పలు పడతారు. గర్భసంచి లోపొర కణాలు కోతలో ఉండిపోతే అలా అవుతుంది, దానికి వైద్యముంది.

ఇప్పుడు నీ కంచం. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. చీము పట్టేది క్రిముల వల్ల. పప్పు వల్ల కాదు, గుడ్డు వల్ల కాదు, వంకాయ వల్ల అసలే కాదు. కొత్త చర్మం కట్టేది మాంసకృత్తులతోనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 63 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వెల్లుల్లి కారం అన్నంతో అది అందదు. రెండు గుడ్లకు 12 గ్రాములు, గట్టిపప్పు, పెరుగు, చికెనో చేపో, పల్లీలు కలిస్తే లెక్క కుదురుతుంది. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద బాలింతకు ఆరు నెలల దాకా రోజూ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. నీకింకా నెల ఉంది. సిగ్గుపడకుండా వెళ్లు. ఆ పోగులు అల్లుకోవడానికి విటమిన్ సి కూడా కావాలి. బత్తాయికి పేరున్న జిల్లాలో, నిమ్మతోట ఉన్న ఇంట్లో పుట్టావు. ఆ నిమ్మకాయను మజ్జిగలో పిండుకో, పప్పులో పిండుకో.

అత్తగారి మాటలో భయం ఉంది, నిజం లేదు. పై చర్మం ఎలా మానిందన్నది గర్భసంచి ఎలా మానిందో చెప్పదు. పైన లేచిన మచ్చ ఉన్నవాళ్లకు లోపల చక్కగా మానొచ్చు. పైన నిలువు కోత ఉన్నంత మాత్రాన గర్భసంచి మీద కూడా నిలువు కోతే అని కాదు. లోపల ఏ కోత పెట్టారో ఆపరేషన్ కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితం ఆసుపత్రి నుంచి తప్పక తెచ్చుకో. రెండో కాన్పు మామూలుగా ప్రయత్నించొచ్చా, వద్దా అన్నది డాక్టర్లు దాన్ని బట్టే చెప్తారు. మళ్లీ గర్భం దాల్చడానికి రెండేళ్ల ఎడం ఉంటే లోపలి కోతకూ మంచిది, నీకూ మంచిది. అత్తగారికి ఈ మాట నువ్వు చెప్తే ఎదురు మాట్లాడినట్టనిపిస్తుంది. మీ ఆయనతో చెప్పించు.

ఆయన "ఇంక పోలేదా" అన్నది నిన్ను చిన్నబుచ్చడానికా, ఆందోళనతోనా అన్నది నాకు ఉత్తరంలో కనబడలేదు. నీకూ తెలియదు, ఊహిస్తున్నావు. ఏడాది పడుతుందట, దురదకు నిద్ర పడతలేదు అని నేరుగా చెప్పి చూడు. మగవాళ్లలో చాలామంది కుట్లు విప్పితే కథ అయిపోయిందనుకుంటారు. చర్మవైద్యుల దగ్గరికి ఆయన్నే తోడు రమ్మను, వింటే ఆయనకే తెలుస్తుంది.

అమ్మ సంగతి చివరికి ఉంచాను, కష్టమంతా అక్కడే కాబట్టి. మిమ్మల్నందరినీ ఇంట్లోనే కన్న మనిషికి, బిడ్డ పొట్ట మీద కోత చూస్తే తన కాపుదలలో ఏదో లోటు జరిగిందనిపిస్తుంది. ఆమె రుద్దే నిమ్మరసంలో ఆ బాధ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. వాటిలో అక్కర్లేనివి ఉన్నాయన్న చర్చ ఉంది, ఉండాలి కూడా. నీది మాత్రం బిడ్డ గుండె తగ్గుతుంటే చేసింది. "అమ్మా, ఆ రోజు కోయకుంటే ఈ పిల్ల మన చేతిలో ఉండకపోయేది" అని ఆమెకు ఒకసారి గట్టిగా చెప్పు. ఎవరూ చెప్పి ఉండరు.

తర్వాత ఆమె చేతుల్ని ఖాళీగా ఉంచకు. మందు వద్దంటే నొచ్చుకునే మనిషి, పని ఇస్తే నొచ్చుకోదు. పొద్దున, రాత్రి ఆ ఐదు నిమిషాల మర్దన అమ్మ చేత చేయించుకో. ఎంత ఒత్తాలో డాక్టరమ్మ దగ్గర ఆమెకే చూపించమని అడుగు. పప్పు వండమను, చేపల పులుసు పెట్టమను. పాలిచ్చే తల్లికి ఏం పెట్టాలో అంగన్‌వాడీ టీచరు ఇంటికొచ్చి చెప్తే నీ మాట కన్నా ఎక్కువ వింటుందేమో, పిలిచి చూడు. అప్పటికీ పసుపు పూస్తానని పట్టుబడితే, చదునుగా ఉన్న కింది భాగం మీద ఓ చిటికెడు పూయనివ్వు, పైభాగం జెల్లుకు వదలమను. ఆ పాటి సర్దుబాటుతో నీకు పోయేదేం లేదు.

ఈ వారంలో చేయాల్సినవి: పసరాయనకు ఫోన్, లంగా ముడి జాగా మార్చడం, ఈరోజే ఒక ఫొటో. ఇంట్లో ఉన్న ట్యూబు మీద గడువు తేదీ చూసి మూత తియ్యి.